ఆశీర్వాదం చెప్పని అయ్యగారు

“నువ్వు చెప్పలేదని ఒక్క మాట అను. నమ్మేస్తాను.”

వంటగది గుమ్మంలో నిలబడి భార్యని అడిగాడు పాస్టరయ్యగారు. స్టవ్ మీద టీ పొంగడానికి సిద్ధంగా ఉంది. పాస్టరమ్మ మంట తగ్గించింది. తగ్గించిన మంటని మళ్ళీ కొంచెం పెంచింది. మళ్ళీ తగ్గించింది. అబద్ధం చెప్పడం చేతకానివాళ్ళ చేతులు ఇలాగే ఏదో ఒక పని వెతుక్కుంటాయి.

“చెప్పాను,” అంది చివరికి.

“ఎవరికి?”

“ఆడవాళ్ళ కూటంలో. ప్రార్థన మనవులు ఏమన్నా ఉంటే చెప్పమన్నారు. తలా ఒకటి చెప్పారు. నా వంతు వచ్చింది.”

“నీ వంతు వస్తే నీ మోకాలి నొప్పి చెప్పుకోవాల్సింది.”

“నా మోకాలికి నొప్పి లేదండీ.”

ఇంకో రోజైతే ఇద్దరూ నవ్వేసేవాళ్ళు. ఆ శుక్రవారం పొద్దున ఎవరికీ నవ్వు రాలేదు.

కాసేపటి క్రితమే మందిరంలో కీబోర్డు వాయించే మాస్టారు గేటు దగ్గర బండి ఆపాడు. “అయ్యగారూ! మీకు ప్రార్థన రావడం లేదటగా! ఏం దిగులు పడకండి, మా పాటల బృందం మొత్తం మీకోసం ఉపవాసం ఉంటున్నాం,” అని వీధి చివరి ఇంటికి కూడా వినిపించేంత ప్రేమగా అరిచి వెళ్ళాడు. మంచివాడే పాపం. ఈ ఇంటికి ఈ వారం వచ్చిన కష్టాలన్నీ మంచివాళ్ళు తెచ్చినవే.

“నీకొక్కదానికే చెప్పాను,” అన్నాడు అతను. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండు అనుకుంది ఆమె. “మోకాళ్ళ మీద కూర్చుంటే నోట మాట రావడం లేదని అమ్మకి చెప్పలేదు, సంఘ పెద్దలకి చెప్పలేదు. నీకు చెప్పాను. ఇప్పుడు కీబోర్డు మాస్టారికి తెలుసు.”

“నేనేమన్నా చాడీలు చెప్పానా? మీకోసం ప్రార్థన చెయ్యమన్నాను. నా ఒక్కదాని ప్రార్థన చాలడం లేదని అడిగాను.”

“మనవాళ్ళలో ప్రార్థన మనవికీ చాడీకీ తేడా ఎంతో నీకు తెలీదా? చివర్లో ఆమేన్ ఉంటుంది, అంతే.”

టీ పొంగి స్టవ్ అంతా పారింది. ఇద్దరూ దాన్ని చూస్తూ నిలబడ్డారే గానీ కదల్లేదు.

పోయిన ఆదివారం సంగతి ఈ ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. సంఘంలో మాత్రం ఇంకో మాట లేదు. ఆ రోజు ప్రసంగం అయింది, చివరి పాట అయింది, అందరూ లేచి తలలు వంచారు. ఇక అయ్యగారు రెండు చేతులూ ఎత్తి ఆశీర్వాదం చెప్పడమే తరువాయి. అతని చేతులు లేవలేదు. నోరు పెగల్లేదు. చూసి చూసి వేదిక దిగి, పక్క తలుపులోంచి ఇంటికి నడిచొచ్చేశాడు. ఆశీర్వాదం వినకుండా మందిరంలోంచి కదిలే అలవాటు వాళ్ళకి లేదు. వెళ్ళొచ్చో లేదో తెలీక, కూర్చోవచ్చో లేదో తెలీక తల వంచుకుని అలాగే నిలబడ్డారు. చివరికి ఎవరి పసిబిడ్డో కేరుమంటే, ఆ సాకుతో ఒక్కొక్కరే బయటపడ్డారు.

“ఏమిట్రా అబ్బాయ్ గొడవ?” ముందు గదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. అన్నీ విన్నాక ఏమిటని అడగడం ఆవిడకి అలవాటు. “ప్రార్థన రాకపోవడమేమిటి? అదేమన్నా నిద్రా, రావడానికీ పోవడానికీ? కూర్చుని చెయ్యి, వస్తుంది.”

“కూర్చుంటున్నానమ్మా.”

“అయితే ఇంకాసేపు కూర్చో. ఆదివారం వేదిక ఎక్కు. ఎక్కితే దేవుడే నోటికి మాట అందిస్తాడు. నిన్ను ఊరికే కనలేదు నేను. నీ ముందు ఇద్దరు పోయారు. నువ్వు కడుపులో ఉండగానే, ‘వీణ్ణి బతికించు, వీడు నీ పనివాడు’ అని ఇచ్చేశాను. ఇచ్చింది వెనక్కి తీసుకునే రకం కాదు నేను.”

ఈ మాట అతను చిన్నప్పట్నుంచీ వింటున్నాడు. పుట్టిన రోజున విన్నాడు, పరీక్ష తప్పిన రోజున విన్నాడు, పెళ్ళి పీట మీద కూడా విన్నాడు. ఎప్పుడూ తల వంచి విన్నవాడు ఈసారి తల ఎత్తాడు.

“నన్నడిగి ఇచ్చావా అమ్మా?”

అత్తగారు లేచింది. కాసేపటికి బీరువా తలుపు చప్పుడైంది. ఆదివారం వేసుకునే తెల్ల చొక్కా తీసి, శుక్రవారం పొద్దున్నే, ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టింది ఆవిడ.

పాస్టరమ్మ టీ పారిన స్టవ్‌ని అలాగే వదిలేసి పనికి బయల్దేరింది.

* * *

ఆమె పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. ముక్కు మీద ఫ్రేము సరిగ్గా కూర్చుందో లేదో చూడడం, అద్దాలు బిగించడం, వచ్చినవాళ్ళకి ఒకదాని తర్వాత ఒకటి అద్దం మార్చి పెట్టి అడగడం ఆమె పని.

“ముందుది బాగుందా, ఇది బాగుందా?”

“రెండూ ఒకలాగే ఉన్నాయమ్మా,” అన్నాడు ఎదురుగా కూర్చున్న పెద్దాయన.

“ఒకలాగే ఉండవండీ. ఇంకోసారి చూడండి.”

మళ్ళీ మార్చింది. ఆమె చూపు ఆయన కళ్ళ మీద ఉంది కానీ మనసు ఇంట్లో ఉంది. ముందు ఎలా ఉండేది? ముందు, అంటే ఈ ఊరు రాకముందు, తెల్లారకుండానే అతను లేచేవాడు. వంటగదిలో నీళ్ళు కాగుతుంటే పక్కన కింద కూర్చుని ప్రార్థన చేసుకునేవాడు. మాటలు వినపడేవి కావు. గొణుగుడు ఒకటే గోడ అవతలి నుంచి వచ్చేది. ఆ గొణుగుడు మొదలవగానే ఆమె ఇటు తిరిగి రెండో నిద్ర పోయేది. ఆ నిద్ర ఎంత హాయిగా ఉండేదో! ఇప్పుడు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, ఆమెకి మాత్రం చీకటితోనే మెలకువ వచ్చేస్తోంది. పక్కన అతను కళ్ళు తెరుచుకుని పడుకుని ఉంటాడు.

ఆ గొణుగుడు కావాలి ఆమెకి. అతని ప్రసంగాలు ఎవరికి కావాలి? అవి సంఘానికి. ఆ గొణుగుడు తనది. అది పోయి రెండేళ్ళయింది. ఎవరితోనూ చెప్పుకోలేక, చెప్పుకోలేక, చివరికి చెప్పుకోకూడని చోట చెప్పుకుంది.

ఫోన్ మోగింది. ఆడవాళ్ళ కూటం నడిపే ప్రార్థన అక్క.

“అమ్మగారూ, స్తోత్రం! మీ మనవికి జవాబొచ్చేసింది!”

“ఏం జవాబక్కా?”

“మీరు ఏడుస్తూ చెప్పారు కదా, నాకు మనసాగక మన బల్లల పెద్దగారికి చెప్పాను. ఆయన ఏకంగా పెద్దయ్యగారికే ఫోన్ చేశారు. అదే, మన అయ్యగారిని పెంచిన గురువుగారికి! ఆదివారం ఆయనే వస్తున్నారు. అందరి ముందూ అయ్యగారి తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తారట. అమ్మగారూ? ఉన్నారా?”

“ఉన్నానక్కా,” అంది. చేతిలోని చిన్న స్క్రూ ఎక్కడ పడిందో కనిపించలేదు.

ప్రార్థన అక్కని అని ఏం లాభం? సంఘంలో ఎవరికీ తెలీదు. అయ్యగారు పెద్దయ్య దగ్గర పెరిగాడని తెలుసు, అక్కణ్ణుంచి ఎందుకు వచ్చేశాడో తెలీదు. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని అతను భార్య దగ్గర మాట తీసుకున్నాడు. ఆ మాట ఆమె ఇప్పటికీ తప్పలేదు. అత్తగారికి కూడా చెప్పలేదు.

పెద్దయ్య సంఘంలో పిల్లలకి పాటలు నేర్పే టీచరమ్మ ఒకావిడ ఉండేది. కడుపు నొప్పితో మెలికలు తిరిగేది. మందులు వద్దు, విశ్వాసం చాలు అన్నాడు పెద్దయ్య. చివరికి ఒకరోజు ఆయనకి చెప్పకుండా ఆమెని ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఇతనే. ఆమె బతకలేదు. తర్వాతి ఆదివారం పెద్దయ్య వేదిక మీంచి ఇతన్ని పేరు పెట్టి లేవమన్నాడు. సంఘమంతా చూస్తుండగా, “ఆ తల్లి రోగంతో పోలేదు, ఇతని అవిశ్వాసంతో పోయింది,” అన్నాడు. ఆయన కూర్చోమంటాడేమోనని ఇతను నిలబడే ఉన్నాడు. ఆయన ఎంతసేపటికీ కూర్చోమనలేదు.

ఇప్పుడు ఆ చెయ్యే వైద్యానికి వస్తోంది. పిలిపించింది ఎవరు? తనే.

తలనొప్పిగా ఉందని యజమానికి చెప్పి షాపులోంచి బయటపడింది.

* * *

ఇంటికొచ్చేసరికి అతను వెనక గచ్చు మీద కూర్చుని, పొద్దున టీ మాడిన గిన్నె తోముతున్నాడు. పక్కన స్టవ్ పలకలు తళతళలాడుతున్నాయి. క్షమించమని నోటితో అడగడం అతనికి చేతకాదు. గిన్నెలు బాగా తోముతాడు.

“మీకో మాట చెప్పాలి. అరవకూడదు.”

“అరిచే ఓపిక లేదు. చెప్పు.”

చెప్పింది. అతని చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది. తోమిన చోటే తోముతున్నాడు.

“ఎన్నింటికొస్తారట?”

కోపం వస్తుందని ఎదురు చూస్తోంది ఆమె. ఆ గొంతులో కోపం లేదు. ఆమెకి ఎందుకో భయం వేసింది.

“ఎన్నింటికైతే ఏంటండీ? రావద్దని చెప్పేద్దాం. మీరు చెప్పలేకపోతే నేను చెప్తాను.”

“ఆయాసం తగ్గిందటనా ఆయనకి?”

“ఆయన ఆయాసం మీకెందుకండీ! అంతమంది ముందు మిమ్మల్ని నిలబెట్టి ఆ మాటలన్న మనిషి!”

“తెలుసు. నిలబడింది నేనే కదా.”

ఆమె గచ్చు మీద అతని పక్కనే కూలబడింది. అతను చేతులు కడుక్కున్నాడు. తడి చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలీనట్టు కాసేపు గాల్లోనే పెట్టుకున్నాడు.

“నీకొకటి చెప్తాను. కూటంలో చెప్పకు.”

“ఎత్తిపొడవకండి. చెప్పను.”

“నాకు ఆ చెయ్యి కావాలని ఉంది.”

ఆమె అతని మొహంలోకి చూసింది.

“నాన్న నాకు గుర్తు లేడు. జ్వరమొస్తే తల మీద చెయ్యి వేసి రాత్రంతా కూర్చుంది పెద్దయ్యే. బాప్తిస్మంలో నీళ్ళలోంచి లేపింది ఆయనే. మన పెళ్ళి చేసింది ఆయనే. ప్రార్థన నేర్పింది కూడా ఆయనే. పక్కన మోకరించబెట్టుకుని, ‘తండ్రీ అని పిలువు, పలుకుతాడు’ అనేవారు. పిలిచేవాణ్ణి. పలికినట్టే ఉండేది.” అతను ఆగాడు. “ఇప్పుడు కళ్ళు మూసుకుని తండ్రీ అంటానా, పెద్దయ్య మొహం కనిపిస్తుంది. ఆ రోజు వేదిక మీద ఉన్న మొహం. ఇక మాట ముందుకి పోదు.”

రెండేళ్ళుగా పక్కన పడుకుంటున్న మనిషి. ఈ సంగతి ఆమెకి ఇప్పుడే తెలిసింది. అతని చెయ్యి తీసుకుని తన చీర కొంగుతో తుడిచింది. తుడవడం అయిపోయినా వదల్లేదు.

“ఆదివారం మోకరిస్తారా మరి?”

“మోకరిస్తే అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. వేదిక ఉంటుంది, ఈ ఇల్లు ఉంటుంది, అమ్మ చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ ఉంటుంది. ఆయన చెయ్యి వేస్తే నిజంగానే తగ్గిపోతుందేమో. ఎవరు చూడొచ్చారు?”

“తగ్గకపోతే?”

“తగ్గినట్టు ఉంటాను. అలవాటేగా.”

“మీకు అలవాటేమో. నావల్ల కాదు,” అంది. అనేశాక ఏడుపొచ్చింది. “మీరు ఇంట్లో తిరుగుతూనే ఉంటారు. నాకు మాత్రం మీరు ఏదో ఊరెళ్ళినట్టుంటుంది. ఎప్పుడొస్తారా అని చూస్తుంటాను. రారు.”

అతను ఏదో అనబోయాడు. ముందు గదిలోంచి అత్తగారు కేక వేసింది. “అబ్బాయ్! బల్లల పెద్దగారొచ్చారు!”

* * *

సంఘ పెద్దల్లో ఒకడైన బల్లల పెద్దకి ఆ పేరు సంఘం పెట్టింది. ఆయనది ఫర్నిచర్ షాపు. మందిరంలో బల్లలన్నీ ఆయన చేయించి ఇచ్చినవే. ఎవరింటికెళ్ళినా ముందు కుర్చీని కాస్త అటూ ఇటూ ఊపి చూసి గానీ కూర్చోడు. ఈ రోజు ఊపకుండానే కూర్చున్నాడు. దాన్నిబట్టే పాస్టరమ్మకి సంగతి అర్థమైంది.

“అయ్యగారూ, నేను ముసుగులో గుద్దులాట ఆడే మనిషిని కాదు. రెండు ఆదివారాలు అయ్యగారు లేకపోతే మూడో ఆదివారం ఇంకో అయ్యగారిని వెతుకుతారు మనవాళ్ళు. ఈ ఇల్లు కూడా సంఘానిదాయె. నేననడం లేదు, వాళ్ళంటున్నారు.”

ఈ ‘వాళ్ళు’ అనేవాళ్ళు ఏ గదిలోనూ ఎప్పుడూ కనిపించరు.

“ఆదివారం అబ్బాయి వేదిక ఎక్కుతాడు,” అంది అత్తగారు. “చొక్కా కూడా ఇస్త్రీ అయింది.”

“అంతే కావాలి పెద్దమ్మగారూ! పెద్దయ్యగారు ఎంత సంతోషించారనుకున్నారు. ఫోన్ కలపమన్నారు, మాట్లాడతారట. అందరం వింటాం.” అంటూనే ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, బల్ల మధ్యలో ఉంచాడు.

వద్దని చెప్పడానికి పాస్టరమ్మ నోరు తెరిచేలోపే అటు ఎత్తారు.

“నాన్నా!” అంది ఫోన్. “ఎలా ఉన్నావురా?”

అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. లేచినట్టు అతనికే తెలీదు.

“బాగున్నానయ్యా.”

“అన్నం తిన్నావా?”

“తిన్నానయ్యా.” పొద్దున్నుంచీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

“నువ్వెళ్ళాక నీ కుర్చీలో ఇంకెవర్నీ కూర్చోనివ్వలేదురా. నువ్వే రావడం లేదు. కబురు కూడా లేదు. కొడుకులు అలిగితే తండ్రులకి ముద్ద దిగుతుందా చెప్పు?”

అతని కళ్ళలోంచి నీళ్ళు గడ్డం దాకా కారాయి. తుడుచుకోలేదు. పాస్టరమ్మ అది చూసింది. రెండేళ్ళుగా తను పిలిస్తే రానివాడు ఈ గొంతు పిలవగానే లేచి నిలబడ్డాడు. ఆ గొంతు మీద ఈర్ష్య కూడా కలిగింది ఆమెకి.

“ఆదివారం వస్తాను. చెయ్యి వేస్తాను. అంతా సర్దుకుంటుంది. రమ్మంటావా?”

“రండయ్యా,” అన్నాడు అతను.

బల్లల పెద్ద కళ్ళు మూసుకుని, “స్తోత్రం,” అన్నాడు. అత్తగారు రెండు చేతులూ జోడించింది.

“అయితే ముందొక పని చెయ్యాలి నాన్నా. దాచుకున్నవాడికి స్వస్థత రాదు, నీకు నేను చెప్పిందే కదా? ఆ టీచరమ్మ విషయంలో తప్పు నీదేనని అందరి ముందూ ఒప్పుకో. ఆ తర్వాత చెయ్యి వేస్తాను.”

“ఏ టీచరమ్మ?” అంది అత్తగారు, కోడలి వైపు తిరిగి. కోడలు మొగుణ్ణే చూస్తోంది.

బల్లల పెద్ద ఫోన్ ఆగిపోయిందేమోనని వంగి చూశాడు.

“ఒప్పుకుంటానయ్యా.”

పాస్టరమ్మ కళ్ళు మూసుకుంది.

“తప్పు నాదే,” అన్నాడు అతను. “మీరు మందులొద్దన్నారు. ఆమె కడుపు పట్టుకుని నా ముందు కూర్చుని, ‘తమ్ముడూ, ఏం చెయ్యమంటావు’ అని అడిగేది. మీ మాట దాటలేక ప్రార్థన చేసి పంపించేసేవాణ్ణి. ఒకసారి కాదు, చాలాసార్లు. ఆస్పత్రికి తీసుకెళ్ళాక డాక్టరు, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆమెని ముందే తీసుకెళ్ళాల్సిందయ్యా. ఆదివారం అందరి ముందూ ఇదే ఒప్పుకుంటాను. మీరు పక్కనుంటే నాకు ఇంకా ధైర్యంగా ఉంటుంది.”

ఫోన్‌లోంచి ఆయాసపు ఊపిరి ఒకటే వినిపించింది. వస్తూ, పోతూ. అతను దాని మీదికి వంగాడు.

“అయ్యా?”

“నీ గాయం నీకే ముద్దుగా ఉన్నట్టుంది నాన్నా,” అంది ఆ గొంతు, అంతే ప్రేమగా. ఆ తర్వాత ఊపిరి కూడా వినిపించలేదు.

“పెట్టేశారు,” అన్నాడు అతను. ఎవరో పోయారని చెప్పినట్టు చెప్పి, కుర్చీలో కూర్చున్నాడు.

బల్లల పెద్ద ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి చూశాడు. ఆయన మొహంలో రంగు లేదు. చేయించిన బల్ల ఎవరో కూర్చోగానే విరిగిపోతే ఎలా ఉంటుందో అలా ఉన్నాడు.

“నాకు తెలీదు అయ్యగారూ,” అన్నాడు. “తెలిస్తే చెయ్యకపోదును.”

“మీరేం చేశారు? మంచే అనుకున్నారు.”

“ఇప్పుడు సంఘానికి ఏం చెప్పమంటారు?”

“ఉన్నదే చెప్పండి. ఎలాగూ కీబోర్డు మాస్టారికి తెలుసు.” అతని పెదవి మీద కొంచెం నవ్వు కదిలింది. చాలా రోజులకి. “నాకు ప్రార్థన రావడం లేదు. రాకుండానే ఇన్నాళ్ళూ మీకు ప్రసంగాలు చెప్పాను. లోపల ఏమీ లేకుండా ఆశీర్వదించాను. పోయిన వారం చేతులు లేవకపోవడమే మంచిదైంది. బాగయ్యేదాకా వేదిక ఎక్కను.”

“సేవ వదిలేస్తారా?”

“వదలను. నాకు ఇంకేం చేతనవుతుంది? ఇలా మాత్రం చెయ్యలేను.”

“మరి ఇల్లు...” అని ఆగిపోయాడు బల్లల పెద్ద. “మాట్లాడి చూస్తాను. మాటివ్వలేను.”

“సరేనండీ.”

అత్తగారు ఇంతసేపూ కదల్లేదు. ఇప్పుడు నెమ్మదిగా అడిగింది.

“ఆ టీచరమ్మకి పిల్లలున్నారా?”

“ఒక కూతురుందమ్మా.”

“ఈ సంగతి నాకెందుకు చెప్పలేదురా?”

“చెప్తే, కూర్చుని ప్రార్థన చెయ్యమంటావని.”

ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే మనిషి అలా ఊరుకోవడం చూసి కోడలికి జాలేసింది.

బల్లల పెద్ద లేచాడు. ఎన్నో ఏళ్ళ అలవాటు కదా, ఏ ఇంటికెళ్ళినా వచ్చేముందు ప్రార్థన చేసుకోకుండా గడప దాటడు. తల వంచి, “సరే, అయ్యగారూ, ఒక చిన్న ప్రార్థన చే...” అని, నాలుక కరుచుకున్నాడు.

వంచిన తల ఎత్తాలో వద్దో తెలీక ఆయన అలాగే ఉండిపోయాడు.

“నువ్వు చెయ్యి,” అన్నాడు అతను భార్యతో. ఈ వారంలో అతను ఆమెని ఏదైనా కావాలని అడగడం ఇదే మొదలు. “నాకు వినాలని ఉంది.”

ఆమె అతని కుర్చీ పక్కన నేల మీద మోకరించింది. తండ్రీ అని మొదలుపెట్టబోయి ఆ మాట మింగేసింది. ఈ రోజు ఈ గదిలో ఆ మాట వద్దు.

“ప్రభువా,” అంది. “ఈయన గుట్టు నేను కూటంలో చెప్పాను. తప్పే. క్షమించు. ఈయన క్షమించకపోతే నువ్వే చెప్పి క్షమింపజెయ్యి.” బల్లల పెద్ద దగ్గాడు. ఆమె పట్టించుకోలేదు. “అత్తయ్య ఈయన్ని నీకిచ్చింది. కాదనను. కానీ నీ పనిలో ఉండగానే దెబ్బ తగిలింది ప్రభువా. పనివాడికి దెబ్బ తగిలితే ఏ యజమానైనా కొన్నాళ్ళు ఇంటికి పంపిస్తాడు. నువ్వెందుకు పంపవు? పంపించు. నాకివ్వు. మాట రాకపోతే రాకపోనీ, ప్రార్థన రాకపోతే రాకపోనీ, నా దగ్గర ఊరికే కూర్చోనీ. ఏ వేదికా ఎక్కించను. ఎవరికీ చూపించను. తిన్నాడో లేదో నేను చూసుకుంటాను. బాగయ్యాక...”

అక్కడ ఆగింది.

బాగయ్యాక మళ్ళీ నీ పనికి పంపిస్తాను. అనాల్సింది అది. అది అంటేనే ప్రార్థన పూర్తవుతుందని ఆమెకి తెలుసు, వింటున్న ముగ్గురికీ తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది. మళ్ళీ ఎవరో ఒక పెద్దయ్య, మళ్ళీ ఒక వేదిక, మళ్ళీ ఇతను పక్కనే ఉండి లేకపోవడం. మాట అక్కణ్ణుంచి ముందుకి పోలేదు.

“ఆమేన్,” అనేసింది.

ఎవరూ ఆమేన్ అనలేదు. ఆమె కళ్ళు తెరిచింది. అతను కళ్ళు మూసుకునే ఉన్నాడు. బల్లల పెద్ద నేల చూపులు చూస్తున్నాడు. అత్తగారు మాత్రం తిన్నగా ఆమెనే చూస్తోంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“తిరిగి ఇస్తానని అనలేదు నువ్వు,” అంది.

“అనలేదత్తయ్యా.”

“నేను కన్నవాణ్ణి ఇచ్చాను. నీకు తెలుసా, ఆ రోజు ఆ మాట అనడానికి నాకూ ముందు నోరు రాలేదు.” ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. “తీసుకో. నీ దగ్గరే ఉంచుకో, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు. కానీ ఆ మిగిలిన మాట కూడా అను. నువ్వది అంటేగానీ నేను ఆమేన్ అనను.”

అని, మళ్ళీ కళ్ళు మూసుకుని ఎదురు చూడసాగింది.